ఒకే వేలు, రెండు లెక్కలు

తెర వెనక ఉన్న మనిషి ఏడుస్తోందో లేదో నాకు తెలియలేదు. ముప్పై మూడేళ్ళ పోలీసు ఉద్యోగంలో ఎంతమందినో ప్రశ్నించాను గాని, ముఖం కనపడకుండా ప్రశ్నించడం ఇదే మొదలు. ముఖం కనపడకపోతే నాలాంటివాడి విద్య సగం ఎగిరిపోయినట్టే. మిగిలిన సగం మీద నాకు ముందునుంచీ పెద్ద నమ్మకం లేదు.

ఆమె పేరు సైదా. భర్త ఇష్తియాక్ పోయి నాలుగు రోజులైంది. భర్త పోయిన ఆడవాళ్ళు పాటించే ఇద్దత్‌లో ఉంది కాబట్టి పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. ఉన్న ఒక్క గదికీ అడ్డంగా దుప్పటి కట్టారు. అవతల ఆమె మంచం, ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో నేను. గుమ్మంలో పీట మీద ఆమె అత్తగారు అన్వరీ కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుకుంటోంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి. నా వంక చూడటం కూడా ఆమెకు బరువుగానే ఉంది.

నా పేరు జక్కయ్య. ఎస్సైగా రిటైరై విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జిరాక్సు షాపు పైన గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. వచ్చేవన్నీ పెళ్ళికొడుకుల వాకబులే. ఈ కేసు మాత్రం మణెమ్మ అనే ఆవిడ తెచ్చింది. ఆమె కూతురు ఏంజెల్ కంకిపాడులో ఒక చిన్న క్లినిక్‌లో నర్సు. అక్కర్లేని ఇన్సులిన్ కావాలనే ఎక్కించి ఇష్తియాక్‌ని చంపిందని ఆ పిల్లను నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఇవాళ ఐదున్నరకు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇప్పుడు పదకొండూ పావు. నాకున్న గడువు అంతే.

"గురువారం సాయంత్రం మీ ఆయన ఎన్నింటికి ఇంటికొచ్చాడమ్మా?"

మళ్ళీ అడిగాను.

"ఐదున్నరకి... ఐదున్నరకి సార్. అద్దకం షెడ్డు వాళ్ళందరికీ క్లినిక్‌లో పరీక్షలు పెట్టారు కదా. షుగర్ నాలుగొందల పన్నెండు ఉందంట. సూదేశారంట. ఈ పూట అన్నం ముట్టొద్దన్నారంట. మంచినీళ్ళు తాగి పడుకున్నారు." మాటలు ముద్దముద్దగా, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "తొమ్మిదింటికి చెమట్లు పడుతున్నాయన్నారు. ఫ్యాను పెద్దది చేశా. తెల్లారగట్ల నమాజుకి, ఫజర్‌కి లేపితే లేవలా."

"ఆకలేస్తోందనలేదా?"

"అన్నారు సార్. నేనే వద్దన్నా. డాక్టరు వద్దన్నారు కదా అని."

అన్వరీ చేతిలో పూసలు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఏంజెల్‌తో ఆయనకేమైనా గొడవలున్నాయా?"

"ఏంజెలమ్మతోనా? ఆ పిల్ల మంచిది సార్. నాక్కూడా తనే నేర్పింది, సూది ఎట్టా వేసుకోవాలో..." మాట తెగిపోయింది. "ఏమడిగారు సార్?"

అడిగిందే మళ్ళీ అడిగాను. ఆమె చెప్పిందే మళ్ళీ చెప్పింది. దుప్పటి అంచు కిందనుంచి ఇష్తియాక్ క్లినిక్ కార్డు నా వైపు జరిపింది. ఆ చేయి వణుకుతోంది. గోళ్ళ సందుల్లో నల్లరంగు ఇంకా అలాగే ఉంది. కార్డు తడిగా ఉంది. కన్నీళ్ళతో తడిసిందనుకున్నాను.

"నువ్వూ షెడ్డులోనే పని చేస్తావామ్మా?"

"నల్లరంగు నేనే కలుపుతా సార్."

"నిన్నటి నుంచీ ఒకటే మగత బాబూ," అంది అన్వరీ. "ముద్ద దిగటంలా. సాయంత్రం అస్ర్ అజాన్ అయ్యాక ఆ సూది మాత్రం నేనే గుర్తు చేసి వేయిస్తున్నా. మందన్నా మానకూడదు కదా."

నేను తలాడించి లేచాను. నిలబడగానే అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు చురుక్కుమన్నాయి. నాకూ పద్నాలుగేళ్ళుగా షుగరే. ఆ బాధలో అన్వరీ మాటల్ని అక్కడే వదిలేసి వచ్చాను.

స్టేషన్‌కి వెళ్ళి, ఏంజెల్‌ని క్లినిక్‌కి తీసుకెళ్ళారని తెలుసుకుని, అక్కడికి చేరేసరికి రెండు దాటింది. బయట పోలీసు జీపు. లోపల సీఐ జయకృష్ణ. ఒకప్పుడు నా కిందే ప్రొబేషన్ చేశాడు. కేసు డైరీ రాయడం నేర్పింది నేనే. అందుకని నామీద కృతజ్ఞత ఉంటుందనుకుంటే పొరపాటు. బల్లమీద లక్క సీలు వేసిన అట్టపెట్టె ఉంది. ఏంజెల్ మందుల కిట్టు, షుగర్ మిషన్ అందులో ఉన్నాయి. గోడ పక్క బెంచీ మీద ఆడ కానిస్టేబుల్‌ని ఆనుకుని ఏంజెల్ కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. నన్ను చూసి లేవబోయింది. కానిస్టేబుల్ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"రండి జక్కయ్య గారూ. సీన్ ఆఫ్ అఫెన్స్ చూసుకుంటారా? నేను చూసేశాను. అయినా చూడండి." జయకృష్ణ కుర్చీ చూపించలేదు. "మిషన్ చెడిపోయిందని మాత్రం అనకండి. కంపెనీ వాళ్ళిచ్చే ద్రావణంతో నా ఎదుటే పరీక్ష చేయించాను. చక్కగా పనిచేస్తోంది. ల్యాబు తప్పనీ అనకండి. దాచిన శాంపిల్‌తో రెండోసారి చేయించాను."

"ల్యాబు ఎంతంది?"

"తొంభై ఆరు. రెండోసారీ అంతే. ఇప్పుడు టైమింగ్స్ వినండి. నాలుగూ నలభై ఒకటికి వేలు పొడిచింది, నాలుగొందల పన్నెండు. మిషన్ మెమరీలో ఉంది. నాలుగూ నలభై ఆరుకి నరంలోంచి రక్తం తీసింది. అదే విజయవాడ ల్యాబుకి పోయింది. నాలుగూ యాభైకి డాక్టర్ ధనశ్రీ గారికి ఫోన్ చేసి అంకె చెప్పింది. ఆవిడ పన్నెండు యూనిట్లు వేయమన్నారు. వేసింది. ఐదు నిమిషాల్లో ఏ మనిషికైనా మూడొందలు పడిపోతుందా?"

"పడిపోదు."

"అంటే వేలి మీద ఉన్నది ఇష్తియాక్ రక్తం కాదు. లేదా దాని మీద గ్లూకోజు చల్లింది. పరీక్షలకు ఈమె ఆలస్యంగా వస్తోందని అతను షెడ్డు ఓనరుకు చెప్పాడు. ఆ కక్ష. అంతే కేసు."

"అంతమాత్రానికి మనుషుల్ని చంపుతారా సార్?" అంది ఏంజెల్. ఆ మాట ఎవరినీ అడిగినట్టు లేదు.

నేను రిజిస్టరు తీసుకున్నాను. అంకెల పుస్తకాలంటే నాకు నిద్రొస్తుంది. ఇష్తియాక్ పేరున్న పేజీలో చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. బస్సు టికెట్టంత ఉంది, ఏదో మిషన్‌లోంచి వచ్చింది. పరీక్ష మొదలైన టైము నాలుగూ నలభై మూడు. అంకె ఆరూ పాయింట్ రెండు.

"ఇదేంటమ్మా?"

"మూడు నెలల సగటు సార్. ఆ మూల ఉన్న మిషన్‌లో ఆరు నిమిషాల్లో వస్తుంది. ఒక్క చుక్క చాలు. ఆరు నెలలకోసారి అందరికీ చేస్తాం. చేసినవాళ్ళ రక్తం ల్యాబుకి కూడా పంపుతాం, రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోవడానికి."

"ఈ చుక్క ఎక్కడిది?"

"అదే వేలు సార్. మొదటి చుక్క షుగర్ స్ట్రిప్పుకి, అదే పోటులోంచి రెండో చుక్క దీనికి."

"ల్యాబులో ఈ సగటు ఎంతొచ్చింది, జయకృష్ణా?"

కాగితాలు తిరగేశాడు. "ఆరూ పాయింట్ ఒకటి. అయితే ఏంటి? అది మూడు నెలల లెక్క. మనక్కావలసింది ఆ నిమిషం లెక్క."

"పరాయి రక్తమైతే ల్యాబుతో అంత దగ్గరగా ఎలా కలుస్తుంది? రక్తం ఇష్తియాక్‌దే. సగటు చెప్పే మిషన్ ఎర్రకణాలకు మూడు నెలలుగా అంటుకున్న చక్కెరను చూస్తుంది. చర్మం మీద ఏమున్నా దానికి పట్టదు. అక్కడికక్కడ చెప్పే మిషన్‌కి ఆ చుక్కలో ఎంత చక్కెర కలిస్తే అంతా లెక్కే. అదే వేలు ఒక మిషన్‌కి నిజం చెప్పి ఇంకోదానికి అబద్ధం చెప్పిందంటే, తేడా రక్తంలో లేదు. వేలి మీద ఉంది."

ఇవన్నీ నాకెలా తెలుసంటే, పద్నాలుగేళ్ళుగా డాక్టర్ల గదుల బయట కూర్చుని గోడల మీద అంటించినవన్నీ చదివాను కాబట్టి. చదివింది పాటించి ఉంటే కాళ్ళు ఇలా మండేవి కావు.

"నేనూ అదే అంటున్నా. గ్లూకోజు." సొరుగు లాగి డబ్బా బల్లమీద పెట్టాడు. నేను దాన్ని తిప్పి చూశాను. మూత కింద రేకు చిరగలేదు.

"ఇంకో డబ్బా ఉండి ఉంటుంది," అన్నాడు.

"ఉంటే వెతుకు. అమ్మా ఏంజెల్, పొడిచే ముందు వేలు కడిగించావా?"

"స్పిరిట్ దూదితో తుడిచా సార్."

"సబ్బుతో?"

తల దించుకుంది. "మధ్యాహ్నం తర్వాత కుళాయి రాదు సార్. ఇదివరకు పొద్దున ఎనిమిదింటికి పరీక్షలు పెట్టేవాళ్ళం. అందరూ ఇళ్ళ దగ్గర స్నానాలు చేసి వచ్చేవాళ్ళు. మూడు వారాల నుంచీ సాయంత్రం పెట్టమన్నారు." నా చేతిలోని రిజిస్టరు వంక చూసింది. "అన్నం తినొద్దని చెప్పింది నేనే సార్. ఆయన వెళ్ళేటప్పుడు, ఒక్క అరటిపండు తినొచ్చామ్మా అనడిగారు. అదీ వద్దన్నాను."

మూడు వారాల పేజీలూ, అంతకుముందు మూడు నెలల పేజీలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో గీసుకుంటూ చూశాను. పొద్దుటి పరీక్షల్లో వేలి లెక్కకీ ల్యాబు లెక్కకీ మధ్య పదీ పదిహేనుకు మించి తేడా లేదు. సాయంత్రం పరీక్షలకొచ్చేసరికి తొమ్మిదిమందికి మూడొందల పైన. వాళ్ళలో ల్యాబుకి పోయింది ఇష్తియాక్ రక్తం ఒక్కటే. కుట్టుమిషన్ల దగ్గర పనిచేసే ముగ్గురికీ మాత్రం ఎప్పటిలాగే మామూలు. ఆ తొమ్మిదిమందీ అద్దకం పనివాళ్ళే. షుగర్ ఉందన్నవాళ్ళను ఏ పని చేస్తావని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

"షెడ్డుకి పోదాం పద," అన్నాను రిజిస్టరు సంచీలో పెట్టుకుంటూ.

"నాకు కోర్టు పనుంది."

"దారిలోనేగా."

పాండురంగయ్య పెడన నుంచి వచ్చి కంకిపాడు రోడ్డులో కలంకారీ అద్దకం షెడ్డు వేసుకున్నాడు. మేం చేరేటప్పటికి నాలుగూ పది. ఏంజెల్‌నీ, సీలు వేసిన పెట్టెనూ జీపులోనే ఉంచారు. పాండురంగయ్య చేతులు జోడించి ఎదురొచ్చాడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళ వల్ల వచ్చే చిక్కులు విప్పడం ఇంకా కష్టం.

"పరీక్షలు సాయంత్రానికి మార్పించింది మీరేనా?"

"నేనేనండీ. కొనే విదేశీ కంపెనీ పనివాళ్ళకి ఆరోగ్య పరీక్షలు చేయించమంది, చేయిస్తున్నా. పొద్దున్నయితే ఎండ బావుంటుంది, బట్ట త్వరగా ఆరుతుంది. ఆ టైములో మనుషులు పోతే పని ఆగిపోతుందండీ. సాయంత్రం పనయ్యాక అటునుంచటే వెళ్తే ఎవరికీ ఇబ్బంది లేదు గదా అని."

"ఇష్తియాక్ పని ఏంటి?"

"నల్లగీత అచ్చులన్నీ ఆయనేనండీ. అట్టాంటి చేయి మళ్ళీ దొరకదు." కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు.

"నల్లరంగు ఎక్కడుంటుంది?"

షెడ్డు చివర మట్టి కుండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత తీశాడు. పులిసిన వాసన గుప్పుమంది. నల్లటి నీళ్ళలో తుప్పు పట్టిన గుర్రపు లాడాలు, మేకులు.

"ఇనుము, నీళ్ళు, ఇంకా?"

"బెల్లమండీ. ఇనుమూ బెల్లమూ మూడు వారాలు నానితేగాని ఈ నలుపు రాదు. తాతల నాటి పద్ధతి."

"తయారైందని ఎలా తెలుస్తుంది?"

"వేలితో తీసి రాపాడించి చూస్తామండీ. జిగురుని బట్టి తెలిసిపోద్ది. ఇష్తియాక్ అయితే రోజుకి ఇరవైసార్లు చూసేవాడు." ఎడమ చేతి ఉంగరం వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకున్నాడు. "ఇట్టా."

క్లినిక్‌లో పొడిచేది ఎడమ చేతి ఉంగరం వేలే. మన దేశంలో ఎక్కడైనా అంతే.

నా సంచీలో నా మిషన్ ఉంటుంది. నీళ్ళ తొట్టి దగ్గర సబ్బుతో చేయి కడుక్కుని, ఆరబెట్టుకుని పొడుచుకున్నాను. నూట ఎనభై ఏడు. జయకృష్ణ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. తర్వాత ఇంకో వేలు కుండలో ముంచి, రుద్ది, గుడ్డకి తుడుచుకున్నాను. దాని మీద స్పిరిట్ దూదితో కూడా ఒకసారి తుడిచి పొడుచుకున్నాను. మిషన్ అయిదు అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంది.

నాలుగొందల అరవై ఆరు.

"స్పిరిట్‌కి సూక్ష్మక్రిములు చస్తాయి జయకృష్ణా. బెల్లం పోదు. బెల్లానికి నీళ్ళు కావాలి."

పాండురంగయ్య మిషన్ వంకా తన వేలి వంకా మార్చిమార్చి చూశాడు. ఉన్నచోటే కూలబడ్డాడు. "టైము మార్చింది నేనండీ," అన్నాడు. "నేనే మార్చాను."

జయకృష్ణ తేరుకున్నాడు. అతనికి ఆ గుణం ఎప్పుడూ ఉంది. "బావుందండీ. కుండ తీసుకెళ్ళి మేజిస్ట్రేటు గారి బల్లమీద పెట్టమంటారా? ఫోరెన్సిక్‌కి పంపుతాను, రిపోర్టు రానీండి. ఈలోగా ముద్దాయిని హాజరుపరచాల్సిందే. ఇరవై నాలుగ్గంటలు దాటితే నా ఉద్యోగం పోద్ది."

"రిపోర్టు రావడానికి నెలలు. అన్ని రోజులూ ఆ పిల్ల జైల్లో ఉండాలా?"

"ఆవిడ లాయరుంటాడు, చూసుకుంటాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నాకు కోపం రావాలి. రాలేదు. అలిసిపోయాను. ఆ తొట్టి గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుని నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుంటే చాలనిపించింది. కేసు తేలింది, ఇక కోర్టూ లాయరూ చూసుకుంటారు, నేను పెళ్ళికొడుకుల వాకబు చేసుకోవచ్చు అనుకున్నాను.

అప్పుడు దూరంగా మసీదు మైకులోంచి అజాన్ వినపడింది. వాచీ చూశాను. నాలుగూ నలభై.

అస్ర్.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఉదయం నుంచీ చచ్చిన మనిషి గురించే అడుగుతున్నాను. బతికున్న మనిషి నా ఎదురుగా ముద్దముద్దగా మాట్లాడింది. అడిగింది మరిచిపోయింది. వణికే చేత్తో చెమటతో తడిసిన కార్డు ఇచ్చింది. దాన్ని నేను దుఃఖమనుకున్నాను. ఆ లక్షణాలు నాకే రెండుసార్లు వచ్చాయి. అయినా పోల్చుకోలేకపోయాను. రిజిస్టరు విప్పాను. రెండో గురువారం, సాయంత్రం నాలుగూ యాభై రెండు, సైదా, మూడొందల ఎనభై ఎనిమిది. ఎదురుగా డాక్టరు మాట: ఇన్సులిన్, ఉదయం పది, సాయంత్రం పది.

నల్లరంగు కలిపే మనిషి. పది రోజులకు పైగా ఇంట్లో సూదులు వేసుకుంటోంది. నాలుగు రోజులుగా తిండి లేదు. ఈ అజాన్ అయ్యాకే అత్తగారు సూది వేయిస్తుంది.

"జీపు తియ్యి," అన్నాను. "దారిలో చెబుతా. తియ్యవయ్యా!"

ఆ గొంతు ప్రొబేషన్‌లో విన్నదే కాబోలు, జయకృష్ణ పరుగెత్తాడు.

దారిలో సైదా ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఏంజెల్‌కి రెండు ముక్కల్లో చెప్పాను. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోయింది. "పది యూనిట్లా," అని ఒకటే మాట పైకీ లోపలికీ అనుకుంటూ ఉండిపోయింది. రోడ్డుకడ్డంగా గడ్డి ట్రాక్టరు. సైరన్ మోగించినా అది తప్పుకోవడానికి పట్టిన సమయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగూ యాభై మూడుకి ఇంటి ముందు దిగాం. గుమ్మంలో అన్వరీ లేదు. తెర అవతల ఆమె నీడ వంగి ఉంది.

"అమ్మా, సూది వేశారా?"

"లేపుతున్నా బాబూ, లేవట్లా. చేయి బిగుసుకుపోయింది. మందు ఎక్కించి పెట్టా. నేనే వేద్దామని..."

"వద్దు! ఆ సూది కింద పడేయండి!"

దుప్పటి మీద చేయి వేశాను. ఆ చేయి అక్కడే ఆగిపోయింది. నా వెనకనుంచి ఏంజెల్ నన్ను తోసుకుని లోపలికి పోయింది. కానిస్టేబుల్ ఆపలేదు.

"ఊపిరుంది సార్! నోట్లో ఏమీ పోయకూడదు, పొరబోతుంది. గ్లూకోజు నరానికి ఎక్కించాలి. నా కిట్టు కావాలి. నా కిట్టు ఇవ్వండి సార్!"

కిట్టు అట్టపెట్టెలో ఉంది. పెట్టె జయకృష్ణ చేతుల్లో ఉంది. దాని మీద నాలుగు లక్క సీళ్ళు, పంచనామా సాక్షుల సంతకాలు. అది విప్పితే అతని కేసు ఉండదు. అతను నా వంక చూశాడు. నేర్పాల్సినవన్నీ నేను పాతికేళ్ళ కిందటే నేర్పాను.

జయకృష్ణ లక్కని తాళంచెవితో పగలగొట్టాడు. పెట్టెను దుప్పటి కిందనుంచి లోపలికి తోశాడు.

"సబ్బు," అంది ఏంజెల్. "పిన్నీ, సబ్బూ నీళ్ళూ." చెంబు చప్పుడు వినపడింది. కడుగుతోంది. తుడుస్తోంది. మిషన్ కూత పెట్టింది.

"ఇరవై తొమ్మిది సార్."

జయకృష్ణ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మందు గాజు గొట్టం మెడ విరిగిన చప్పుడు. అన్వరీ ఏదో ఖురాన్ ఆయత్ చదువుకుంటోంది. వాచీలో ముల్లు నాలుగుసార్లు తిరిగింది. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు గాని, ఆ నాలుగు నిమిషాలూ ఆవిడతో పాటే ఉన్నాను.

తెర వెనక మంచం కిర్రుమంది. సన్నటి గొంతు, ఉదయం విన్నదే, కానీ ఇప్పుడు మాటలు విడివిడిగా ఉన్నాయి.

"ఏంజెలమ్మా... ఇప్పుడన్నా అన్నం తినొచ్చా?"

ఏంజెల్ ఏడుపు తెర దాటి బయటికొచ్చింది. అన్వరీ లేచి వంటమూలకు నడిచింది. గిన్నె మూత తీసిన చప్పుడైంది.

జయకృష్ణ నా చేతిలోంచి రిజిస్టరు లాక్కున్నాడు. సాయంత్రం పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. తొమ్మిది పేర్లు. ఒకరు పోయారు, ఒకరు దక్కారు.

"ఇంకా ఏడుగురు," అన్నాడు. "వీళ్ళందరికీ ఇళ్ళ దగ్గర సూదులిచ్చారా?"

"అందరికీ ఇచ్చాం సార్," అంది ఏంజెల్ లోపలినుంచి. "సాయంత్రం డోసు ఐదింటికి."

ఐదు కావడానికి ఒక్క నిమిషముంది. నేను మొదటి పేరు పైకి చదివాను. గుల్షన్, అద్దకం, మూడొందల యాభై. ఇల్లు ఎక్కడో, ఫోన్ నంబరేంటో రిజిస్టరులో రాసి లేదు.